మగ్గం మాటలను నిఘంటువుకెక్కించిన ఆచార్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి

మన సంఘం సంచికల్లో మామూలుగా మన పెద్దల జీవితాలే రాసుకుంటాము. సొసైటీ పెట్టినవారు, సత్రం కట్టించినవారు, పేద పిల్లలకు ఫీజు కట్టి చదివించినవారు. ఈసారి నేను ఎంచుకున్నాయన నేత కుటుంబంలో పుట్టినవారు కాదు. ఒంగోలులో పుట్టి, వాల్తేరులో చదివి, అమెరికా పోయి డాక్టరేటు తెచ్చుకుని, హైదరాబాదులో ప్రొఫెసరుగా, వైస్ ఛాన్సలరుగా ఉండిన భాషా పండితుడు. పేరు భద్రిరాజు కృష్ణమూర్తి.

ఆయనతో మనకేమి పని అని అడుగుతారు. పని ఉంది. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఒక పుస్తకం అచ్చు వేసింది. దాని పేరు మాండలిక వృత్తి పదకోశం, రెండో సంపుటం. అందులో ఉండేదంతా చేనేతే. పడుగు, పేక, ఆసు, కండె, నాడె, అచ్చు లాంటి మన ఇంటి మాటలను కావ్యాల్లో వెతక్కుండా, నేసేవాళ్ళ నోటినుంచే విని, అకారాది క్రమంలో పెట్టి, అర్థం రాసి నిఘంటువు చేసినారు. ఆ పనికి సంపాదకుడు కృష్ణమూర్తిగారే.

మన బట్టను పొగిడినవాళ్ళు చాలామంది. చీర అంచు చూసి మురిసిపోయినవాళ్ళకూ లెక్కలేదు. ఆ చీర నేసేటప్పుడు మనం ఆడుకునే మాటకు కూడా విలువ ఉందని తలచి, కాగితం కలం పట్టుకుని వచ్చినవాళ్ళు తక్కువ. అందుకనే ఈయన కథ మన సంచికలో ఉండాలని నాకు అనిపించింది.

ఒంగోలు నుంచి ఫిలడెల్ఫియా దాకా

కృష్ణమూర్తిగారు 1928 జూన్ 19న పుట్టినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆనర్సు చదివి 1948లో బయటికి వచ్చినారు. మరుసటి ఏడే అక్కడ తెలుగు లెక్చరరు అయినారు. ఆ కాలంలో తెలుగు చదువు అంటే భారతం, ప్రబంధాలు, ఛందస్సు, వ్యాకరణం. అయితే అదే శాఖలో గంటి జోగి సోమయాజిగారు ఉండేవారు. తెలుగును తమిళ, కన్నడాలతో పోల్చి చూసే చదువు ఆయనకు ఇష్టం. ఆ గాలి ఈ కుర్ర లెక్చరరుకూ సోకింది.

ఆ పోలికల చదువు మొదలైంది ఎక్కడో కాదు, మన మద్రాసులోనే. 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టినప్పుడు దాని వెనుక ఉండినవాడు మద్రాసు కలెక్టరు ఎల్లిస్. 1816లో కాంబెల్ అనే దొర తెలుగు వ్యాకరణం అచ్చు వేస్తే, దానికి ముందుమాట వంటిది ఎల్లిస్ రాసినాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక్క మూలం నుంచి వచ్చినవి, ఆ మూలం సంస్కృతం కాదు అని ఉదాహరణలతో చూపించినాడు. ఆయనకు సాయం చేసినవాళ్ళలో పట్టాభిరామశాస్త్రి, శంకరయ్య వంటి మనవాళ్ళు ఉన్నారు. కాల్డ్‌వెల్ పెద్ద పుస్తకం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్ళకు, 1856లో. పేరు మాత్రం కాల్డ్‌వెల్‌కే ఎక్కువ వచ్చింది. అది వేరే కథ.

నూరేళ్ళు దాటినా తెలుగు వైపు నుంచి ఆ పోలికను కొత్త శాస్త్ర పద్ధతిలో, ధాతువు ధాతువుగా విప్పి చూసే పని మిగిలే ఉండింది. ఆ పనికి కృష్ణమూర్తిగారు పూనుకున్నారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఉండే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరి 1957లో డాక్టరేటు పొందినారు. ఆ సిద్ధాంత గ్రంథం తెలుగు క్రియాధాతువుల మీద. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు దాన్ని పుస్తకంగా వేసినారు. అదే 1961లో బర్రో, ఎమెనో అనే ఇద్దరు పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా వచ్చింది. ఎమెనోగారంటే కృష్ణమూర్తిగారికి గురుభావం. ఎంతగా అంటే, ఆ అమెరికా దొరకు మన పద్ధతిలోనే షష్టిపూర్తి సంచిక వెయ్యించినారు, 1968లో. సంచిక పేరులోనే షష్టిపూర్తి అనే మాట ఉంది.

మన రెండు భాషల లెక్క

క్రియాధాతువులు అంటే చదవబుద్ధి కాదు, నాకు తెలుసు. కానీ తిరుత్తణి, పూండి, తిరువళ్ళూరు వైపు ఉండే మనకు ఆ చదువు అర్థమైనంత తేలికగా విజయవాడ వాళ్ళకు కూడా అర్థం కాదు. ఎందుకంటే మన ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బడిలో తమిళం. రెండు భాషలూ ఒకే నాలుక మీద ఆడుతా ఉంటాయి.

తమిళంలో ఇరండు, తెలుగులో రెండు. తమిళంలో ఉరల్, మనకు రోలు. అవన్ అంటే వాడు. ఉళ్ అంటే లోపల. ఇళ అంటే లేత. వరసగా చూడండి. తమిళ మాట అచ్చుతో మొదలవుతుంది. తెలుగులో ఆ అచ్చు వెనక్కి పోయి, దాని వెనకాల ఉండిన ర, ల, వ ముందుకు వచ్చినాయి. రెండు పోగులు ఒకదాని చోటుకు ఒకటి మారినట్టు. ఇది తెలుగువాడు నోరు తిరక్క చేసిన తప్పు కాదు. వేల ఏళ్ళ కింద ఒక పద్ధతి ప్రకారం జరిగిన మార్పు. ఆ పద్ధతి ఏమిటో కృష్ణమూర్తిగారు తమ మొదటి పుస్తకంలోనే విప్పి చెప్పినారు. 1978లో మళ్ళీ దాని మీదే ఇంకో వ్యాసం రాసినారు. ఈ మార్పు అన్ని మాటల్లోనూ ఒకేసారి రాలేదనీ, ఒక మాటకు పట్టి, అక్కణ్ణించి ఇంకో మాటకు, ఒక భాష నుంచి పక్క భాషకు పాకిందనీ లెక్క కట్టి చూపినారు. మనకు తెలిసిన రీతిలో చెప్పాలంటే, ఊళ్ళోకి కొత్త అంచు డిజైను వచ్చినట్టే. మొదట ఒక మగ్గం మీద, తర్వాత పక్కింటి మగ్గం మీద, కొన్నాళ్ళకు వీధంతా. వీధి చివర ఒకటి రెండు మగ్గాలు పాత డిజైనుతోనే ఉండిపోతాయి.

ఇంకోటి చూడండి. పుస్తకం తమిళంలో విలై, పుగై అని రాస్తారు. మనకు వెల, పొగ. రాతలో ఇ, ఉ ఉంటే మనకు ఎ, ఒ. తమాషా ఏమంటే సంతలో మాట్లాడే తమిళుడి నోట కూడా వెలె, పొగె అనే వినిపిస్తుంది. ఈ ఇకార ఎకారాల, ఉకార ఒకారాల చిక్కు గురించి కృష్ణమూర్తిగారి వ్యాసం 1958లోనే అమెరికా భాషాశాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు.

ఇప్పుడు మన మగ్గం దగ్గరికి వద్దాము. తెలుగులో నేయు, తమిళంలో నెయ్, కన్నడంలో నేయ్. మన నేత, వాళ్ళ నెసవు ఒక్క వేరు నుంచి వచ్చిన కొమ్మలే. చేనేతలో చే అంటే చెయ్యి. తమిళంలో కై. మొదట రెండిటికీ క అనే శబ్దమే ఉండేది, తెలుగులో అది చ అయింది. అట్లా చేనేతలోని చే, కైత్తరిలోని కై ఒక తల్లి బిడ్డలు. నూలు తమిళంలో నూల్. ఆ నూల్ అనే మాటకు తమిళంలో పుస్తకం అని కూడా అర్థం. నూలు పోగును, చదివే గ్రంథాన్ని ఒక్క మాటతో పిలిచే భాష మన పక్కన ఉందంటే నాకు ఎప్పుడూ సంతోషమే. పన్నెతో కలిసి ఉండే అచ్చు రెండు భాషల్లోనూ అచ్చే. మన నాడె అక్కడ నాడా. అంతా ఒకటేనా అంటే కాదు. మన పడుగు వాళ్ళకు పావు. మన పేక వాళ్ళకు ఊడై. మగ్గానికి వాళ్ళు తరి అంటారు, మన మగ్గం కన్నడం వాళ్ళ మగ్గతో కలుస్తుంది.

అయితే మనకు చుట్టరికం ఎవరితో దగ్గర? తమిళంతోనా, కన్నడంతోనా? కృష్ణమూర్తిగారు తేల్చిన మాట వింటే చాలామంది నమ్మరు. తెలుగుకు తోబుట్టువులు గోండీ, కొండ, కూయి, కువి, పెంగో, మండ అనే అడవి బిడ్డల భాషలు. తమిళం, కన్నడం, మలయాళం పెదనాన్న పిల్లల వరస. మనకు ఇంటిపక్క ఉండేది తమిళం, ఇంటి రక్తం ఉండేది ఆదిలాబాదు, విశాఖ కొండల్లో. ఆ కొండ భాషకు లిపి లేదు, కవులు లేరు. అయినా ఆయన విశాఖ ఏజెన్సీ వైపు మాట్లాడే ఆ భాషకు వ్యాకరణం రాసినారు. 1969లో పుస్తకమైంది. రాజుల ఆస్థానంలో వినిపించిన భాషకు ఎంత మర్యాద ఇచ్చినారో, కొండ మీద పోడు చేసుకునేవాళ్ళ భాషకూ అంతే ఇచ్చినారు. మగ్గం మాటల విషయంలోనూ ఆ గుణమే పని చేసింది.

పండితుడు పల్లెకు దిగినాడు

మన పాత నిఘంటువులు ఎట్లా పుట్టినాయో తెలిస్తే ఈయన చేసిన పని బరువు తెలుస్తుంది. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం గాని, పిఠాపురం రాజావారి పేరుతో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గాని గొప్ప పుస్తకాలే. ఆ పండితులు ముఖ్యంగా గ్రంథాలు చదివి మాటలు ఏరినారు. కవి తన పద్యంలో వాడి ఉంటే మాట నిఘంటువులోకి వస్తుంది. కవి మగ్గం గుంటలోకి తొంగి చూడకపోతే, ఆ గుంటలో పుట్టిన మాటకు చోటెక్కడ? బ్రౌన్ దొర 1852 నిఘంటువులో జనం మాటలు కొన్ని ఎక్కించినాడు, నిజమే. అయినా ఒక వృత్తిని పట్టుకుని, దాని మొదలు నుంచి చివర దాకా ప్రతి పనిముట్టుకూ, ప్రతి పనికీ, ప్రతి లోపానికీ ఏ ప్రాంతంలో ఏమి పేరు ఉందో వెతికిన నిఘంటువు తెలుగులో అంతకుముందు లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడినాక వచ్చిన సాహిత్య అకాడమీ ఈ పనిని చేతికి తీసుకుని కృష్ణమూర్తిగారికి అప్పజెప్పింది. మొదటి సంపుటం వ్యవసాయం, 1962లో వచ్చింది. రెండోది చేనేత, 1971లో. తర్వాత ఇతర వృత్తులకూ వేరే పండితుల సంపాదకత్వంలో సంపుటాలు వచ్చినాయి. వరసలో రైతు తర్వాత చోటు నేతగాడిదే. అన్నం తర్వాత బట్ట అనే లెక్కో ఏమో గాని, ఆ వరస నాకు న్యాయంగానే తోస్తుంది.

వృత్తి మాటలే ఎందుకు? ఇంట్లో మాట్లాడే మాట బడి చదువుతో, పేపరుతో, సినిమాతో తొందరగా మారిపోతుంది. పని మాట అట్లా మారదు. తాత చేతి కింద మనవడు కూర్చుని పని నేర్చుకుంటాడు, పనితోబాటు మాటనూ నేర్చుకుంటాడు. పండితుడు వచ్చి దిద్దడు. అందుచేత ఒక ప్రాంతం అసలు తెలుగు ఏమిటో చూడాలంటే నాగలి దగ్గర, మగ్గం దగ్గర వినాలి. ఇంకో లాభం కూడా ఉంది. కొత్త యంత్రాలకూ, కొత్త శాస్త్రాలకూ పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు సంస్కృతం నుంచి నోరు తిరగని మాటలు కట్టే బదులు, పని చేసేవాళ్ళు ముందే కట్టుకున్న మాటలు దొరుకుతాయి. తెగిన పోగుకు, వదులైన నేతకు, గంజి ఎక్కువైన పడుగుకు మనకు ముందునుంచీ మాటలు ఉన్నాయి కదా.

ఇట్లాంటి పనికి ఓపిక కావాలి. వస్తువు చూపించి దీన్నేమంటారు అని అడగాలి. చెప్పినది చెప్పినట్టు రాసుకోవాలి. అది తప్పు, ఇట్లా అనాలి అని దిద్దకూడదు. పక్క జిల్లాకు పోయి మళ్ళీ అదే వస్తువు చూపించి మళ్ళీ అడగాలి. ఈ చోట ఇట్లా, ఆ చోట అట్లా అని గుర్తు పెట్టుకోవాలి. అమెరికాలో డాక్టరేటు చేసి వచ్చిన మనిషి తన నడివయసులో మంచి కాలాన్ని ఈ పనికి పెట్టినారు. ప్రపంచం ఆయనను 2003లో కేంబ్రిడ్జి వారు వేసిన ద్రావిడ భాషల పుస్తకంతో గుర్తు పెట్టుకుంటుంది. అది గొప్ప పుస్తకమే, కాదనను. నా మట్టుకు నేను 1971 సంపుటానికే పెద్ద పీట వేస్తాను.

నాలుగు తెలుగులు, అందులో మనది

వ్యవసాయం మాటలు ఏరినప్పుడు ఒక సంగతి బయటపడింది. ఏ మాట ఎంతవరకు వినిపిస్తుందో చూస్తే తెలుగుదేశం నాలుగు భాగాలుగా విడిపోతా ఉంది. శ్రీకాకుళం, విశాఖలు ఒకటి. గోదావరి, కృష్ణ, గుంటూరు జిల్లాలు ఒకటి. తెలంగాణ ఒకటి. రాయలసీమ, నెల్లూరు, చిత్తూరు వైపు ఒకటి. ఈ నాలుగు మాండలికాల లెక్క ఇప్పుడు బడి పుస్తకాల్లో కూడా ఉంది. అది పుట్టింది రైతుల మాటల్లోంచి అని చాలామందికి తెలీదు.

మనది ఆ నాలుగోది, దక్షిణపు తెలుగు. కోస్తాలో ఆనపకాయ అనేదాన్ని మనం సొరకాయ అంటాము, తమిళం వాళ్ళ సురక్కాయకు దగ్గరగా. వాళ్ళ వేరుసెనగ, తెలంగాణ వాళ్ళ పల్లీలు మనకు చెనిక్కాయలు. వాళ్ళు వచ్చాడు అంటే మనం వచ్చినాడు అంటాము. పుస్తకాల్లోకి, సినిమాల్లోకి ఎక్కింది కోస్తా మధ్య జిల్లాల మాట. అందువల్ల మన పిల్లలు అటువైపు పోతే ఇబ్బంది పడతారు. నేను చదువుకునే రోజుల్లో, సరిహద్దు దాటి ఒక కాలేజీలో చేరినప్పుడు, నేను నోరు తెరిస్తే చాలు వెనుక బెంచీలో నవ్వులు. ఇటు తమిళం వాళ్ళకు మనం తెలుగువాళ్ళం, అటు తెలుగువాళ్ళకు మనం అరవం కలిసినవాళ్ళం. ఆ నాలుగు మాండలికాల సంగతి అప్పుడు నాకు తెలిసి ఉంటే, నాది కూడా లెక్కలో ఉండే తెలుగే అని ధైర్యంగా చెప్పి ఉండేవాణ్ణి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 1985లో గ్విన్ దొరతో కలిసి కృష్ణమూర్తిగారు రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది, విదేశాల్లో తెలుగు నేర్చుకునేవాళ్ళకు ఇప్పటికీ అదే దిక్కు. అందులో ముఖ్యంగా వర్ణించింది చదువుకున్నవాళ్ళు వాడే ప్రామాణిక తెలుగునే. ఒక భాషకు ఒక ఉమ్మడి రూపం అవసరం అనేది ఆయన ఎరుగుదురు. ఉమ్మడి రూపం ఉండాలి గనక ఇంటి రూపం పోవాలి అని మాత్రం ఆయన పని చెప్పదు. రెండు పుస్తకాలూ ఆయనవే, వ్యాకరణమూ ఆయనదే, వృత్తి పదకోశమూ ఆయనదే.

సరిహద్దు దగ్గర ఆగిన పదకోశం

ఇక మన ఊళ్ళ సంగతి. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేవి. పటాస్కర్ తీర్పు మీద 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1న ఆ ఊళ్ళు మద్రాసు రాష్ట్రానికి వచ్చినాయి. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయినాయి. మన పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి చెప్పేవి విని ఉంటారు. ఒక రాత్రికి రాష్ట్రం మారింది, మగ్గం మారలేదు, నూలు మారలేదు, ఇంట్లో మాట మారలేదు.

పదకోశం చేయించింది ఆంధ్రప్రదేశ్ అకాడమీ. ఆ రాష్ట్రం జిల్లాలే దాని పరిధి. చిత్తూరు జిల్లా మాటలకు దానిలో చోటు ఉంది. 1960 దాకా చిత్తూరులోనే ఉండిన తిరుత్తణి గట్టు అవతల పడింది. పూండి, తిరువళ్ళూరు అయితే మొదటినుంచీ చెంగల్పట్టు జిల్లానే, ఆ లెక్కలోకే రావు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వంటి నేత ఊళ్ళూ, ఇంకా కిందికి పోతే కంచి, ఆరణి, సేలం, మదురైలలో విజయనగరం, నాయకరాజుల కాలం నుంచి ఉండే తెలుగు నేతవాళ్ళూ అందరిదీ ఇదే గతి. కృష్ణమ్మ నీళ్ళు కండలేరు నుంచి కాలువలో మన పూండి రిజర్వాయరుకు చేరే ఏర్పాటు 1996లో జరిగింది. తెలుగు మాటల లెక్క మాత్రం ఈ పక్కకు రాలేదు. ఇది కృష్ణమూర్తిగారిని తప్పు పట్టడానికి చెప్పడం కాదు. ఇచ్చిన పొలం వరకే ఎవరైనా దున్నుతారు.

మనకు నష్టం ఎక్కడంటే, ఈ వైపు నేత మాటలు మామూలు తెలుగు మాటలు కావు. ఒకే వీధిలో ఒక ఇంట్లో పడుగు అంటారు, ఇంకో ఇంట్లో పావు అంటారు. మా అవ్వ మగ్గం అనేది, మా నాయన కూలీవాళ్ళతో మాట్లాడేటప్పుడు తరి అనేవాడు. ఇంట్లో ఆడవాళ్ళు నూలు పనిలో వాడే మాటలు వేరు, మాస్టర్ వీవరుతో లెక్క చూసుకునేటప్పుడు వాడే మాటలు వేరు. ఏ మాట దగ్గర తెలుగు నిలిచింది, ఏ మాట దగ్గర తమిళం వచ్చి కూర్చుంది, ఎందుకు కూర్చుంది? రెండు భాషలు పక్కపక్కన బతికితే ఏమవుతుందో చూడాలనుకునే పండితుడికి మన వీధి ఒక బంగారు గని. ఆ గనిలోకి ఎవరూ దిగకముందే పూడిపోతా ఉంది.

పూడిపోతా ఉంది అని ఉత్తినే అనడం లేదు. చాలా ఇళ్ళల్లో మగ్గం గుంట పూడ్చి, పైన సిమెంటు పోసి, పవర్లూము పెట్టినారు. కొందరు అది కూడా అమ్మేసి కంపెనీ బస్సెక్కినారు. తప్పు అనడానికి లేదు, కడుపు నిండాలి కదా. అయితే పనిముట్టు పోతే దాని పేరు ఎన్నాళ్ళో నిలవదు. నిలకడ లేకుండా తిరిగే మనిషిని ఆసులో కండెలా తిరుగుతాడు అని ఇప్పటికీ అంటాము. ఆసు ఎట్లా ఉంటుందో బొమ్మ గీయమంటే మన పిల్లల్లో ఎంతమంది గీస్తారు? ఆలేరు వైపు చింతకింది మల్లేశంగారు తల్లి చేతినొప్పి చూడలేక యంత్రం చేసి, దానికి ఆమె పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టబట్టి, ఆయనకు 2017లో పద్మశ్రీ రాబట్టి, సినిమా కూడా తీయబట్టి, ఆసు అనే మాట మళ్ళీ కొంతమంది చెవిన పడింది. అన్ని మాటలకూ అట్లాంటి అదృష్టం పట్టదు.

చివరి దాకా పనే

కృష్ణమూర్తిగారి మిగతా జీవితం త్వరగా చెప్తాను. వాల్తేరు తర్వాత కొద్దికాలం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉన్నారు. అంటే మనకు బస్సు దూరంలోనే. 1962లో ఉస్మానియాకు పోయి భాషాశాస్త్ర శాఖను నిలబెట్టి 1986 దాకా నడిపినారు. దేశంలో చాలా చోట్ల భాషాశాస్త్రం చెప్పే గురువులు ఆ శాఖలో తయారైనవారే. 1974లో ఆయన సంపాదకత్వంలో తెలుగు భాషా చరిత్ర వచ్చింది. తెలుగు ఎంఏ చదివే పిల్లలు ఇప్పటికీ ఆ పుస్తకం తిప్పకుండా పరీక్షకు పోరు. 1986 నుంచి 1993 దాకా హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. పదవి దిగినాక చాలామంది ఉపన్యాసాలతో కాలం గడుపుతారు. ఈయన పదవి దిగినాక, డెబ్బై ఐదేళ్ళ వయసులో, నలభై ఏళ్ళు దాటి కూడబెట్టిన చదువంతా కలిపి ఆ కేంబ్రిడ్జి పుస్తకం పూర్తి చేసినారు. 2012 ఆగస్టు 11న హైదరాబాదులో కన్నుమూసినారు.

ఆయన పద్ధతి మాత్రం మిగిలింది. దానికి డాక్టరేటు అక్కరలేదు. ఇంట్లో డెబ్బై దాటిన అవ్వో, తాతో ఉంటే చాలు, చేతిలో ఎట్లాగూ ఫోను ఉంది. చిలప విప్పడం నుంచి బట్ట మడత పెట్టే దాకా పనిని వరసగా అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. తెలుగా, తమిళమా అని అడ్డం పోవద్దు. తరి అంటే తరి అనే రాయండి, మొగ్గం అంటే మొగ్గం అనే రాయండి. పవర్లూము పిల్లలు వాడే బీము, బాబిను కూడా వదలొద్దు, అవీ మన మాటలే ఇప్పుడు. ఎవరు చెప్పినారు, ఏ ఊరు, వాళ్ళ వాళ్ళు ఎక్కణ్ణించి వచ్చి ఇక్కడ స్థిరపడినారు అనేది పక్కన రాయండి. తిరుత్తణి ఇంటి మాటకూ పూండి ఇంటి మాటకూ తేడా ఉంటే అదే మనకు కావలసింది.

మొదట అడగడానికి కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. పడుగుకు గంజి పెట్టి వీధిలో చాచి కుంచెతో దువ్వే పనిని మీ ఇంట్లో ఏమనేవారు? పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపే పని పేరేమిటి, అది చేసేవాళ్ళకు వేరే పేరు ఉండిందా? నేత మధ్యలో పోగు తెగి ఖాళీ కనిపిస్తే దాన్ని ఏమనేవారు? చీర అయిపోయినాక మగ్గం మీద మిగిలే ఆ కాస్త నూలు ముక్కకు ఏమి పేరు, అది ఎవరికి చెందేది?